తాండూరు క్లాసులో చదవకూడని వాక్యం

వికారాబాద్,
17 జూలై 2025, గురువారం.

ప్రియమైన భాగ్యశ్రీకి,

నువ్వూ, నీతో గదిలో ఉంటున్న నూరీన్ కూడా దేవుని దయవల్ల క్షేమంగా ఉన్నారని తలుస్తూ మీ మల్లీశ్వరి టీచర్ వందనాలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అనంతగిరి వైపు నుంచి ముసురు విడవడం లేదు. నువ్వు రాయడం నేర్చుకున్న మన చర్చి హాలు మళ్లీ కారుతోంది, కుర్చీలన్నీ ఒక మూలకు జరిపాం. రేకులు మార్పిస్తామని పెద్దలు ప్రతి ఏడూ చెప్పినట్టే ఈ ఏడూ చెప్పారు.

నీ మెసేజ్ సోమవారం చూశాను. శనివారం తాండూరులో మొదటిసారి నువ్వే రాత క్లాసు చెప్పబోతున్నావని, బ్లాగులు రాసే పిల్లలు, మీ సంస్థ లాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు, సంఘ పత్రికలకు రాసే విశ్వాసులు వస్తున్నారని, వాళ్లకు పనికొచ్చే చిట్కాలు కొన్ని రాసి పంపమని అడిగావు. నిన్న మొన్న నా ముందు కూర్చుని పెన్ను కొరికిన పిల్ల క్లాసు చెబుతుందంటే ఎంత సంతోషించానో. ఆ సంతోషం మెసేజ్ చివరిదాకా నిలవలేదు. మంచి వాక్యం ఎలా ఉంటుందో చూపించడానికి, మీ అమ్మ రుక్కమ్మ గురించి నేను రాసిన సాక్ష్యంలో నుంచి ఆ గంజి వాక్యం చదివి వినిపిస్తానన్నావు. అది చదివిన కాడికెళ్లి ఇంటికి పోతలేను టీచర్, నాయిన మొఖం చూడబుద్ధి అయితలేదు అన్నావు. అమ్మ నాకెన్నడూ చెప్పలే, మీరు గంత వివరంగ ఎట్ల రాసిన్రు అని అడిగావు.

దానికి ఫోన్లో జవాబు ఇవ్వబోయాను. టైపు చేయడం, చెరిపేయడం, మళ్లీ టైపు చేయడం. కాగితం మీదైతే కొట్టివేసినా కనిపిస్తుంది కదా అని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రేపు పొద్దున మా సంఘం పిల్ల నిరోషా తాండూరు బస్సెక్కుతోంది, తన చేతికిచ్చి పంపుతున్నాను.

అసలు మాట ముందే రాసేస్తాను. మీ నాన్న అనంతప్ప ఆ పని చేయలేదు. మీ అమ్మ నాతో ఆ మాట అనలేదు. ఆ వాక్యం నేను కల్పించాను. ఇది రాస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఎదురుగా ఎవరూ లేరు, అయినా సరే.

మే నెలలో తాండూరులో సభలు జరిగినప్పుడు మీ అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. నువ్వు ఆ రోజు పని మీద రాలేదు. సాక్ష్యానికి మన దగ్గర ఒక వరుస ఉంది కదా. దేవుణ్ణి తెలుసుకోకముందు బతుకు ఎంత చీకటిగా చెబితే హల్లెలూయా అంత గట్టిగా వినిపిస్తుంది. ఎవరూ నేర్పరు. చిన్నప్పటి నుంచి విని విని అదే వచ్చేస్తుంది. తాగుడు, తన్నులు, చావు అంచు, ఆ తర్వాత వెలుగు. మీ అమ్మకు ఆ వరుస తెలియదు. జెరమొచ్చి పండుకుంటే పక్కింటామె చారన్నం తెచ్చి ప్రార్థన చేసింది, గప్పటి సంది వస్తున్న అంది. మా ఆయనకు మొదట్ల మనసున పట్టలే, కోపమొస్తే మాట్లాడకుండ, అన్నం తినకుండ అటు తిరిగి పండుకునేటోడు అంది. ఇప్పుడు ఐతారం ఐతారం ఆయనే మోపెడ్ మీద తెచ్చి దింపుతడు, లోపలికి రాడు, బయట బండల మీద కూసొని నా చెప్పులు ఎవరూ తొడుక్కపోకుండ పక్కన పెట్టుకుంటడు అంది. అంతే. కూర్చుంది. జనం మర్యాదకు ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే అది నాకు పలుచగా అనిపించింది. నేను నడిపే సంఘ పత్రికకు కావాలి, బ్లాగుకు కావాలి. పైగా ఇక్కడి సంస్థ ఒకటి తమ విరాళాల పేజీలో పెట్టుకుంటామని, కాస్త గట్టిగా రాయమని అడిగింది. ఆయన కాపలా కాసే ఆ చెప్పుల మాట రాతలోంచి తీసేశాను. అలిగి అన్నం మానేసిన మనిషిని తీసేశాను. ఆ చోట ఇది రాశాను. ప్రార్థన నుంచి ఆలస్యంగా వచ్చిందని, ఒళ్లో పాప ఉండగానే, పొయ్యి మీది గంజి ఆమె చేతుల మీద కుమ్మరించి, ఇప్పుడు పిలువు నీ దేవుణ్ణి అన్నాడు. ఆ పాపవు నువ్వే అని ఆ పూట నాకు తట్టనే లేదు. నా కంటికి కనిపించింది వాక్యమే.

అందుకే నీ క్లాసుకు వచ్చే విశ్వాసులకు ఇది చెప్పు. దేవుడు చేసింది చారన్నమంత చిన్నదైతే చారన్నం అనే రాయాలి. మనం దాన్ని పెద్దది చేస్తే దేవుని పరువు పెరగదు, పక్కవాడి పరువు పోతుంది. పేరాకు రెండు వచనాలు గుచ్చినంత మాత్రాన రాసినది నిజమైపోదని కూడా చెప్పు. ఆ గంజి వాక్యం కిందే నేను కీర్తనల నుంచి ఒక వచనం పెట్టాను. దాన్ని తలుచుకుంటే ఇంకా సిగ్గేస్తోంది.

పత్రిక జూన్‌లో వచ్చింది. తాండూరు సంఘంలో దాన్ని పైకి చదివారు. నేను అక్కడే ఉన్నాను భాగ్యశ్రీ. చదవడం అయ్యాక ఆడవాళ్లు ఏడుస్తూ మీ అమ్మ చుట్టూ మూగారు. ఒకామె మీ అమ్మ చేతులు పట్టుకుని, ఏడ కాలిందక్కా అని తిప్పి తిప్పి చూడబోయింది. మీ అమ్మ చేతులు వెనక్కి లాక్కుని కొంగులో దాచుకుంది. అందరూ బాధతో దాచుకుందనుకున్నారు. మచ్చ లేదని దాచుకుంది. నా కోసం దాచుకుంది. తర్వాత ఫోన్ చేసి, ఎందుకు కాదనలేదమ్మా అని అడిగితే, పోనీ టీచరమ్మా, నేను కాదంటే నువ్వు అబద్ధమాడినవ్ అంటరు, దేవుని పని ఆగమైతది అంది. నేను ఫోన్ పెట్టేసి, అప్పటికి బతికిపోయాననుకున్నాను. అలాంటిదాన్ని నేను.

సంస్థలవాళ్లకు నువ్వు ఒక్క ముక్క నేర్పితే ఇది నేర్పు. ఎవరి గురించి రాశారో వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్లకు తెలిసిన భాషలో మొత్తం చదివి వినిపించాలి. తర్వాతే బయటికి పోవాలి. ఫోటో తీసేటప్పుడు నవ్వారంటే ఒప్పుకున్నట్టు కాదు. వద్దంటే వద్దనే. దాతలకు గట్టిగా కావాలంటే, గట్టిగా జరిగినదాన్ని వెతుక్కోవాలి గానీ మెత్తని మనిషిని పట్టుకుని రాయి చేయకూడదు. మీ సంస్థకు వచ్చేవాళ్లు దుమ్ము మింగి మింగి దగ్గుతున్న బండల పనివాళ్లు. వాళ్ల దగ్గు చాలు, నువ్వు దాని మీద ఏమీ చల్లకు.

ఇక మీ నాన్న సంగతి. పోయిన వారం ఇక్కడికొచ్చాడు. బండల పాలిష్ యూనిట్‌లో పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చెవుల దగ్గర తెల్ల దుమ్ము ఇంకా ఉంది. లోపలికి రమ్మంటే గడప దగ్గరే నిలబడ్డాడు. ఎవరితోనో ఫోన్లో ఆ బ్లాగు పేజీ తెరిపించుకుని తెచ్చాడు. నాకు సదువు రాదు మేడం, నా బిడ్డ మాట్లాడుతలేదు, ఇంటికొస్తలేదు, గిది సదివినంకనే గిట్లైందని నూరీన్ చెప్పింది, గిండ్ల ఏమున్నదో జర సదివి చెప్పు అన్నాడు. రుక్కిని అడిగితే ఏం లేదు, మంచిగనే రాసిన్రంటది, బిడ్డను అడిగితే ఫోనే ఎత్తదు, ఎవర్నడగాలె అన్నాడు.

చదివాను. జెరం చదివాను, చారన్నం చదివాను, ప్రార్థన చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి దాన్ని దాటేసి కింది వాక్యం చదివాను. గొంతు కూడా వణకలేదు. చదవడం ఇన్నేళ్లు వృత్తిగా చేసినదాన్ని కదా. ఆయన మొత్తం విని, గింతేనా మేడం, గీ దానికే నా బిడ్డ అలిగిందా అన్నాడు. ఎంత నెమ్మది పడ్డాడో చూశాను. చిన్నతనం గదా, సంఘానికి లోపలికి రాననేమో, చెప్పున్రి మేడం, ఈ ఐతారం సంది లోపలికే వస్తనని చెప్పున్రి అన్నాడు. టీ కూడా తాగకుండా, మళ్లీ డ్యూటీ ఉందని బస్టాండుకు వెళ్లిపోయాడు. నిన్ను ఇంటికి రప్పించుకోవడానికి తను చేయని తప్పేదో వెతుక్కుని, దాన్ని దిద్దుకుంటానని చెప్పి వెళ్లాడు.

రాసినదాన్ని పైకి చదువుకోండి, చెవికి తప్పు తెలుస్తుంది అని మీకందరికీ నేర్పింది నేనే. ఇప్పుడు దానికి ఇంకొంచెం కలుపుతున్నాను. ఎవరి గురించి రాశామో ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే పైకి చదవగలమా లేదా చూసుకోవాలి. నోరు రాని వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయాలి.

బ్లాగు పిల్లలకు చెప్పడానికి పెద్దగా ఏం లేదు. శీర్షికలో చెప్పింది లోపల ఉండాలి. పేరాలు చిన్నవిగా రాయాలి, జనం ఫోన్లోనే చదువుతున్నారు. వెయ్యి మందికి అనుకుంటూ రాస్తే ఎవరికీ చేరదు, తెలిసిన ఒక్కరిని మనసులో పెట్టుకుని రాయాలి. ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకోకూడదు. ఆ గంజి ముక్కను చూసినంతమంది నా బ్లాగులో దేన్నీ చూడలేదు. నేను ఆ అంకె చూసుకుని మురిసిపోయాను. అందరూ ఏ వాక్యాన్ని మెచ్చుకుంటారో దాన్నే మొదట అనుమానించమను. తప్పు రాస్తే దిద్దుబాటు ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా, తప్పు ఎక్కడ వచ్చిందో అక్కడే, అంత పెద్దగానే వేయమను.

నేను నిన్న ఆ పని చేశాను. బ్లాగులో ఆ పేజీ తీసేసి, ఆ చోటే అది రుక్కమ్మ ఇంట్లో జరగలేదని, అనంతప్ప అలాంటి మనిషి కాదని రాశాను. సంస్థవాళ్లకు ఫోన్ చేసి వాళ్ల పేజీలోనూ తీసేయమన్నాను. విరాళాలు బాగానే వస్తున్నాయి కదా మేడం అని నసిగారు. తీసేదాకా ఊరుకోలేదు. అయితే పత్రికలో అచ్చైంది చేతులు మారిపోయింది, దాన్ని వెనక్కి తేలేను. అందుకే ఆదివారం తాండూరు వచ్చి, పైకి చదివిన ఆ సంఘంలోనే, సాక్ష్యాల వేళ లేచి చెబుతాను. మీ అమ్మను నిలబడమని అడగను. మీ నాన్న బయట కూర్చున్నా లోపలికి వచ్చినా ఆయనకు వినిపించేలా చెబుతాను.

నువ్వు నా కోసం అప్పటిదాకా ఆగొద్దు. ఈ ఉత్తరం చదవగానే ఇంటికి వెళ్లు. నన్ను క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు, నీ ఇష్టం ఎప్పుడైతే అప్పుడే, అసలు వద్దనిపించినా సరే. మీ నాన్నతో మాత్రం మాట్లాడు. నేను దాటేసిన వాక్యం ఏమిటో ఆయనకు నువ్వే చెప్పు. నా నోటితో చెప్పాల్సింది, చెప్పలేక ఆయన్ను మోసం చేసి పంపానని కూడా చెప్పు. కోపం వస్తే రానీ. అన్నం మాత్రం తినిపించు.

శనివారం క్లాసు మానేయకు. బాగా చెబుతావు. నేను రాసింది ఏదీ మంచిదానికి ఉదాహరణగా చదవకు.

నిన్ను బిడ్డా అని పిలిచే అర్హత మిగిలిందో లేదో తెలియని
నీ టీచర్
మల్లీశ్వరి

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. కల్పించాను అని పైన రాశాను. అంత వివరంగా ఎలా రాశారని నువ్వు అడిగినదానికి అది జవాబు కాదు. కొట్టివేయకుండా దాన్ని అలాగే ఉంచి, కింద ఇది రాస్తున్నాను.

ఆ గంజి మా ఇంటిది. ఒళ్లో ఉన్న పాప మా శ్రేయ. ఆలస్యంగా వచ్చింది నేను, ప్రార్థన నుంచే. కుమ్మరించింది మీరంతా సార్ అని పిలిచే మా ఆయన. అప్పటికే ఆయన సంఘంలో కార్యదర్శి. ఆ మాట కూడా అదే, ఇప్పుడు పిలువు నీ దేవుణ్ణి అని. నూనె చిందిందని ఆ రోజు మా అమ్మకు చెప్పాను, తర్వాత అందరికీ అదే చెప్పాను. మా ఇంటి పేరుతో రాసే ధైర్యం ఇన్నేళ్లలో రాలేదు. ఎదురు చెప్పడానికి చదువు కూడా లేని మీ నాన్న మీదికి తోసేయడానికి మాత్రం వెనకాడలేదు.

పత్రికకు ప్రూఫులు దిద్దేది సారే. ఆ వాక్యం దగ్గర ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పాపం రుక్కమ్మ, ఎలాంటి మనిషితో కాపురం చేసిందో అన్నారు. ఒక్క అక్షరం మార్చకుండా అచ్చుకు పంపారు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు భాగ్యశ్రీ.

ఆదివారం తాండూరులో దేవుని వాక్యం బోధించడానికి ఆయన కూడా వస్తున్నారు, ముందు వరుసలోనే కూర్చుంటారు. ఈసారి నేను పేరు మార్చను.