గట్టిమేళంలో తప్పిపోయిన తాళి

ఏమండీ,

మీ కెమెరా పనిని మన మనవరాలు హారిక అందుకుంది. నంద్యాలలో పాటకచ్చేరీలకు ఫొటోలు తీస్తుంది. నిన్న ఆళ్లగడ్డలో ఒక పెళ్లి ఒప్పుకుని నన్నూ వెంట తీసుకెళ్లింది. గట్టిమేళం మోగగానే కచ్చేరీ అలవాటుకొద్దీ కెమెరాను డోలు వాయించేవాళ్ల మీదికి తిప్పింది. ఈలోగా తాళి కట్టేశారు.

"తాళి ఫొటో యాడ పాపా?" అని పెళ్లికూతురు తల్లి నిలదీసింది.

పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. "ఇంగోసారి కట్టినట్టు పట్టుకో అన్నా," అని పెళ్లికొడుకును బతిమాలింది.

"మళ్లీనా? ఒకసారికే చేతులు వణుకుతాండాయి!" అన్నాడతను. పెళ్లికూతురు పగలబడి నవ్వింది. హారిక ఆ నవ్వును పట్టేసింది.

తల్లి చూసి, "తాళి మెడలోనే ఉండాది గదా, ఆల్బం అట్ట మీద ఈ నవ్వే ఎయ్యి," అంది.

జీవితమంతా "నవ్వాల, నవ్వాల" అని మీరు గొంతు చించుకున్నా ఒక్క పెళ్లికూతురూ అలా నవ్వలేదు. మీరు లేరు కాబట్టి, మీ వంతు కుళ్లుకోవడం కూడా నేనే చేస్తున్నాను, హాయిగా.