రెండు పెట్టెల్లోనూ సున్నా

ఒకటో తరగతి పాప నానమ్మగారికి,
ప్రిన్సిపాల్ నమస్కరించి రాయునది.

మన ద్విభాషా అంతర్జాతీయ పాఠశాలలో పొద్దున ఇంగ్లీషు, మధ్యాహ్నం తెలుగు. మీ మనవరాలు మూడు వారాలుగా రెండు పూటలా నోరు విప్పలేదు. ఈ నెలాఖరుకి మాట్లాడకపోతే మళ్లీ శిశుతరగతికి పంపాలి. ఇంట్లోవాళ్లు ఎవరైనా కొన్నాళ్లు తరగతిలో వెనక కూర్చుంటే పిల్లకి ధైర్యం వస్తుంది.
భవదీయ,
ప్రిన్సిపాల్

తా.క.: రిపోర్టులో భాషకో పెట్టె ఉంది. ఏ భాషలో మౌనంగా ఉందో తేలక రెండింట్లోనూ సున్నా వేశాం.

ప్రిన్సిపాలమ్మగారికి,
కుట్టుమిషను నానమ్మ నమస్కారాలు.

ఇంట్లో దాని నోటికి మూతే లేదండీ. మీ ఉత్తరం చూశాక నాకు ముద్ద దిగలేదు. తోటిపిల్లలు ముందుకెళ్లి ఇదొక్కతే వెనక్కి వస్తే చూడలేను. సోమవారం నుంచి వస్తాను. చేతులు ముడుచుకు కూర్చోవడం చాతకాదు, బొత్తాల డబ్బా తెచ్చుకుంటాను.
ఇట్లు,
నానమ్మ

తా.క.: ఉత్తరం వెనక ఇంగ్లీషులో ఉన్నది కూడా ఈ చీవాట్లేనా, వేరేవా?

నానమ్మగారికి,
నమస్కారాలు.

మీరు వచ్చి పదిరోజులు. ఊడిన బొత్తాం కుట్టించుకోవాలంటే తెలుగులో అడగాలన్నారట. తెలుగు పీరియడులో నీళ్లు నమిలే పిల్లలు మీ ముందు వరసకట్టి ఊరి కబుర్లన్నీ చెబుతున్నారు. మీరు విదేశాల నుంచి రప్పించిన భాషా నిపుణులనుకుని తల్లిదండ్రుల సంఘం వాళ్లు, తక్కిన తరగతులకు మీలాంటివారు ఎందుకు లేరని నన్ను నిలదీశారు. మీ మనవరాలు మాత్రం దారం అందిస్తూ మౌనంగా ఉంది. శుక్రవారమే నెలాఖరు. నాకూ బాధగానే ఉంది.
భవదీయ,
ప్రిన్సిపాల్

తా.క.: నిన్న ముప్ఫై ఒక్క చొక్కాలకు బొత్తాలు లేవు. పిల్లలే పీకేసుకుంటున్నారు.

ప్రిన్సిపాలమ్మగారికి,
నమస్కారాలు.

తప్పు నాది. ఇవాళ ఇంట్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "బడిలో ఎందుకు మాట్లాడవే తల్లీ?" అన్నాను. "నువ్వు చెప్పేదాకా ఈ బడిలో నోరు తెరవొద్దన్నావుగా నానమ్మా. నువ్వింకా చెప్పలేదు" అంది.

సీటు కోసం వచ్చిన రోజు మీరు వరండాలో వెళుతుంటే, మీ కోటు అంచు వంకర చూసి, కుట్టినవాళ్ల చెయ్యి విరగ్గొట్టాలని గొణిగాను. అది వింది. లోపల అనేస్తుందని భయపడి అలా కట్టడి చేశాను. మీరు అడిగినవన్నీ వేలితో చూపించింది. ఎంత నెమ్మదైన పిల్లో అని మీరు సీటిచ్చారు. ఆ సంతోషంలో కట్టడి సంగతి మరిచిపోయాను. పసిదాన్ని ఇన్నాళ్లు మూగదాన్ని చేశానని ఏడుపొచ్చింది. ఇక మాట్లాడమని చెప్పేశాను.
ఇట్లు,
నానమ్మ

తా.క.: రేపు అది నోరు తెరిచేలోగా ఆ కోటు నాకు పంపండి.

నానమ్మగారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. పాప ముందే వచ్చింది. నా గదిలో జరుగుతున్న తల్లిదండ్రుల సంఘం సమావేశంలోకి వచ్చి నా కోటు సంగతి మొదట ఇంగ్లీషులో, అర్థం కానివారి కోసం మళ్లీ తెలుగులో వివరించింది. చెయ్యి విరగ్గొట్టడంతో సహా. రెండు పెట్టెల్లోనూ పూర్తి మార్కులు వేశాను. పాప ఒకటో తరగతిలోనే ఉంటుంది. మీరూ ఉండాలని సంఘం తీర్మానించింది.
భవదీయ,
ప్రిన్సిపాల్

తా.క.: ఆ కోటు కుట్టుకున్నది నేనే. చెయ్యి విరగ్గొట్టకుండా శనివారాలు కుట్టు నేర్పుతారా? తెలుగులోనే అడుగుతున్నాను.