కరిచిన కుక్కకు పది రోజులు

ముసలీ,

నువ్వు పోయి ఏడాది నిండిన రోజే నీ కుక్క మోతీ నన్ను కరిచింది. ఈసారి నేను దాన్ని ఏడిపించలేదు, నీ మీద ఒట్టు. నడుం నొప్పిగా ఉండి, ఖాళీగా ఉంది కదా అని వసారాలో నీ మంచం మీద కూర్చోబోయాను. అంతే, ఉరికొచ్చి నా పిక్క పట్టుకుంది. సుక్మా ఆస్పత్రిలో సూదులు వేస్తున్నారు.

ఇప్పుడు పంచాయతీలో కొత్త రూల్ పెట్టారు. కరిచిన కుక్కను ఇదివరకులా కర్రలతో కొట్టి చంపకూడదు. పది రోజులు కట్టేసి చూడాలి. దాని తీరు మారితే పశువుల డాక్టరుకు చెప్పాలి. ఆయన మనుషులు వచ్చి పట్టుకుపోతారు. అలా పోయిన కుక్క మళ్లీ రాదు.

మోతీ అన్నం తింటోంది, నీళ్లు తాగుతోంది. కానీ పొద్దు గుంకే వేళకు లేచి, నీ మంచం వైపు చూసి తోక ఊపుతుంది. తర్వాత ఎవరో చెవి గోకుతున్నట్టు తల వంచి కళ్లు మూసుకుంటుంది. నిన్న మన కోడలు భారతి చూసింది.

"మామా, ఆడ ఎవ్వరు లేరు గదా! ఎవర్ని చూసి తోక ఊపుతాంది? దీనికి పిచ్చి లేసింది. డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేస్త."

"నువ్వు ఫోన్ చూసుకుంట ఒక్కదానివే నవ్వుతవ్. ముందుగాల నీకు పొడిపియ్యాల్నా సూది?" అన్నాను.

భారతి నవ్వలేదు. "రేపు గూడ ఇట్లనే చేస్తే చెప్పుడే," అంది.

మోతీకి పిచ్చి లేదని నాకు తెలుసు. నువ్వు కూర్చున్నప్పుడు నులక కిర్రుమనడం నేనూ విన్నాను. కానీ ఆ మాట కోడలితో ఎలా చెప్పను?

అందుకే నిన్నే అడుగుతున్నాను. ఈ పది రోజులు గడిచేదాకా రాకు. తర్వాత వచ్చి ఎంతసేపైనా కూర్చో. నేను కింద కూర్చుంటాను.