పక్కచెక్క కోయించకు

దుకాణం నుంచి,
మార్చి 14, శుక్రవారం.

బావమరిదికి,

మీ బావ దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కనుక అలాగే మొదలుపెడుతున్నాను. అమ్మాయి బడికి వెళ్తోంది, తింటోంది. నేను దుకాణం తెరుస్తున్నాను, మైకులూ స్పీకర్లూ అద్దెకిస్తున్నాను, మూస్తున్నాను. మీ అక్క పోయి నాలుగు నెలలైనా నాకు ఏడుపు రాలేదు. ఎంత గుండె ధైర్యమండీ మీది అని పక్క దుకాణం దర్జీ మెచ్చుకున్నాడు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. మొద్దుబారిపోయాను, అంతే.

నీ ఉత్తరం అందింది. ఎనిమిది నెలలుగా నాతో మాట్లాడనివాడివి, అక్క పోయినరోజు కూడా గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయినవాడివి, రాక రాక రాసిన ఉత్తరంలో గిటారు గురించే అడిగావు. మంచిదే, నాకూ అదే సులువు. ఇంట్లో చిన్న స్పీకరుకు తగిలిస్తే బాగానే పలికే గిటారు మీ అక్క పాడే మన ప్రోగ్రాముల్లో వినపడకుండా పోయేదని, సోమవారం వడ్రంగి చేత దాని పక్కచెక్కలో కన్నం ఇంకా పెద్దగా కోయించి, శబ్దం పెంచే కొత్త ప్రీయాంప్ బిగిస్తానని రాశావు. దానితోనూ లాభం లేకపోతే లోపం నీ చేతిలో ఉన్నట్టేనని, ఇక గిటారు జోలికే పోనని కూడా రాశావు. ఒకసారి కోశాక ఆ చెక్క మళ్ళీ అతుక్కోదు. తొందరపడకు.

ముందు బ్యాటరీ మార్చు. గిటారుకు వైరు జాక్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుందని నీకు వందసార్లు చెప్పుంటాను, నువ్వు పీకితే కదా! బ్యాటరీ నీరసిస్తే స్వరం సన్నబడి చిటపటలాడుతుంది. తీగలు కొత్తవి వెయ్యి. చెమట పట్టి తుప్పెక్కిన తీగలతో, వాటి అదురును పట్టే పికప్ మాత్రం ఏం చేస్తుంది పాపం. తర్వాత, బ్రిడ్జి మీద తీగలు ఆనే ఆ సన్నటి తెల్లపట్టీ ఊడదీసి చూడు. దాని అడుగు తిన్నగా లేకపోతే కిందనున్న పికప్ మీద సమంగా ఆనదు. ఒక తీగ అరుస్తుంది, ఇంకోటి గొణుగుతుంది. అద్దం మీద గరుకు కాగితం పరిచి అడుగువైపు మాత్రమే రుద్దు, నాలుగు రుద్దులకొకసారి బిగించి చూసుకో. ఎక్కువ అరగదీస్తే తీగలు మెడ మీది మెట్లకు తగిలి గరగరలాడతాయి, అప్పుడు నన్ను తిట్టుకోకు.

స్టేజి మీద నీ వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి మిగతాది సౌండు మిక్సర్ దగ్గర కూర్చున్నవాణ్ణి పెంచమను. బాస్ తగ్గించి మధ్య స్వరాలు కాస్త ఎత్తు. ఒక్కడివే వాయించుకునేటప్పుడు కమ్మగా ఉండే బాస్, డ్రమ్ముల మధ్యకొచ్చేసరికి బురదైపోతుంది. గిటారు గుండ్రటి కన్నానికి రబ్బరు మూత పెడితే స్పీకర్లలో కూత రాదు, కనుక ఇంకొంచెం పెంచుకోవచ్చు.

ఇవన్నీ రాస్తుంటే చెయ్యి దానంతటదే పోతోంది. అమ్మాయి నిన్న మామయ్య ఎప్పుడొస్తాడని అడిగింది. పని ఉంది, వస్తాడులే అన్నాను. మీ అక్క చీరలు బీరువాలో మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. తలుపు తీస్తాను, చూస్తాను, వేస్తాను. ఏమీ అనిపించదు.

ఉంటాను మరి.
మీ బావ

తా.క.: ఉత్తరం కవరులో పెట్టి మళ్ళీ బయటికి తీశాను. పైన రాసినవి ఏ గిటారుకైనా మంచివే. నీ గిటారుకు మాత్రం అవసరం లేదు. దానికి ఏ లోపమూ లేదు, నీ చేతికీ లేదు. ఆఖరి ఏడాది ప్రతి ప్రోగ్రాములోనూ మిక్సర్ మీద నిన్ను తగ్గించింది నేనే.

మీ అక్కకు అప్పటికే ఊపిరి చాలేది కాదు, గొంతు పీలగా అయిపోయింది. తన మైకు పెంచితే కీచుమని అరిచేది. నిన్ను తగ్గిస్తేనే తను వినపడేది. తమ్ముడి గిటారు కింద తన గొంతు మునిగిపోయిన రోజున పాట మానేస్తానని ముందే అంది. పాట మానితే మంచం పడుతుందని నాకు భయం. నీకు చెబితే నువ్వే మెల్లగా వాయించేవాడివి, నీ మొహం చూసి తను పట్టేసేది. అందుకని చెప్పలేదు. ఆఖరి ప్రోగ్రాములో ఆ గిటారు అలంకారానికా అని జనం నవ్వితే నువ్వు నా వైపు చూశావు. లోపం నీ గిటారులోనే ఉందని అందరి ముందూ అనేశాను. నువ్వు వెళ్ళిపోయావు.

ఆ రోజు ఇంటికొస్తూ మీ అక్క అంది: "ఇవాళ నా గొంతు బాగా పలికింది కదండీ. తమ్ముడికే ఎందుకో ఈ మధ్య చెయ్యి ఆడట్లేదు. వాణ్ణి ఏమీ అనకండి."

నేను సరే అన్నాను. తను పోయేదాకా అదే నిజమనుకుంది.