ఆదివారం ఈల

చిరంజీవి అమ్మాయి రీకేకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా, నేనూ, మురుగు శుద్ధి కేంద్రంలో బురద తినే, కంటికి కనబడని మన పురుగులూ అంతా కులాసా. అక్కడ కీల్ నగరంలో నీ దగ్గు తగ్గిందని తలుస్తాను. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. సైకిలు తొక్కుతోంది, నా మాట వినడం మాత్రం మానేసింది.

ఫోను చేయక ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోనులో అయితే నువ్వు అడ్డు తగులుతావు, నేను సగంలో మాట మార్చేస్తాను.

నువ్వు పట్టుబట్టి ఊరికి ఇప్పించిన అల్ట్రాసౌండ్ యంత్రం భేషుగ్గా ఉంది. పళ్ళులేని తాతకు బంగాళదుంప చిదిమి పెట్టినట్టు, మురుగు బురదను ముందే చితక్కొట్టి గాలి చొరని తొట్టిలోకి పంపుతోంది. పురుగులు సుఖంగా తిని గ్యాసు ఇస్తున్నాయి. కానీ నువ్వు చెప్పినంత రాలేదు. పరీక్షించి చూడటానికిచ్చిన ఆరు నెలల గడువు దగ్గరపడి, యంత్రాన్ని వెనక్కి పంపేద్దామని కౌన్సిల్లో గుసగుసలు మొదలయ్యాయి. కాలేజీలో లెక్క వేరు, బురదలో లెక్క వేరని బేకరీలో ఎవరో అంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా రొట్టె తీసుకుని తలవంచుకుని వచ్చేశాను.

సోమవారం సోమవారం గ్యాసు ఎందుకు తగ్గుతోందని కదా నువ్వు అడిగింది? తల్లీ, ఆదివారాలు యంత్రం ఆపేస్తున్నది నేనే. వసంతంలో కేంద్రం కంచె అవతలింటి ఒటీలియా గారు నన్ను నిలబెట్టి, "ఎకార్ట్, ఆదివారం పూట కూడా ఆ ఈల ఏమిటయ్యా?" అన్నారు. యంత్రం సన్నగా కూస్తుంది కదా. ఆదివారం చప్పుడు చేయడం తప్పని గోడకు మేకైనా కొట్టని ఊరు మనది. సిగ్గేసి ఆపేశాను, డ్యూటీ పుస్తకంలో రాయలేదు. ముప్పై ఏళ్ళుగా మచ్చలేని పుస్తకం అది. దాన్ని కాపాడుకోబోయి నీ పేరు పోగొట్టబోయాను.

మొన్న మంగళవారం కౌన్సిల్లో లేచి అంతా చెప్పేశాను. వెనక బెంచీలోంచి ఒటీలియా గారు లేచారు.

"నేనన్నది యంత్రాన్ని కాదయ్యా. పొద్దున్నే నువ్వు వేసే ఈలని. ఒక్క పాటా సరిగ్గా రాదు నీకు."

హాలంతా గొల్లున నవ్వింది. మేయరమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఏడు రోజులూ నడిపితే లెక్క సరిపోతుందని ఏమిటి నమ్మకం అని నన్నే నిలదీశారు.

"అది మా అమ్మాయి వేసిన లెక్కండీ" అన్నాను.

వెంటనే ఓటు పెట్టారు. చేతులన్నీ లేచాయి. యంత్రం మనదే, ఆదివారాలతో సహా. ఇక నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టు తల్లీ, పడతాను.

ఇట్లు,
రీకే వాళ్ళ నాన్ననని ఊరంతా చెప్పుకు తిరుగుతున్న
మీ నాన్న