విడిభాగాలా, రెడీమేడా?

శనివారం, నవంబర్ 2013, అరోరా, అమెరికా

మా కీర్తనకు గేమింగ్ కంప్యూటర్ ఇవాళ కూడా కొనలేదు. రెండు వేసవులు పక్కింటి పిల్లల్ని ఆడించి అది కూడబెట్టుకున్న డబ్బుతోనే కొనాలి. ఆ డబ్బుకి షాపులో తయారుగా ఉన్నది ఒకటి వస్తుంది. విడిభాగాలు కొని మనమే బిగించుకుంటే ఇంకా మంచి గ్రాఫిక్స్ కార్డు వస్తుందని దాని వాదన.

ఇవాళ షాపులో మదర్‌బోర్డు పెట్టె చేతిలో పట్టుకుని, "నాన్నా, నువ్వు కంప్యూటర్ ఇంజినీర్ కదా, హెల్ప్ చేస్తావు కదా?" అంది.

పదిహేనేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను కానీ ఒక్కసారైనా కంప్యూటర్ మూత విప్పి చూడలేదు. ఆ మాట చెప్పలేక, "రెడీమేడ్‌దే తీసుకో, వారంటీ ఉంటుంది" అన్నాను. వెంటనే పెట్టెను తిరిగి అరలో పెట్టేసింది. పద్నాలుగేళ్ల పిల్ల అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకే నచ్చలేదు. ఏదీ కొనకుండా బయటికొచ్చేశాం.

కారులో ఇక ఉండబట్టలేక, "నాకు బిగించడం రాదమ్మా" అన్నాను.

పకపకా నవ్వింది. "నాకు కూడా రాదు నాన్నా. వీడియోస్ చూసి చేద్దాం."

"పాడైపోతే?"

"ఇద్దరం కలిసి చేస్తాం కదా, అప్పుడు నువ్వు నన్ను తిట్టలేవు."

రేపు మళ్లీ వెళ్లాలి. ప్రాసెసర్ అమర్చేటప్పుడు ఒక్క పిన్ను వంగినా బోర్డు పోయినట్టేనట. పోయేది దాని కష్టార్జితం. వారంటీయే మేలని నిజంగానే అనిపిస్తోంది. కానీ అది జాగ్రత్తో, నా భయమో తేల్చుకోలేకపోతున్నాను.

అయినా ఇందాక గరాజ్‌లోకి వెళ్లి స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చాను. ఈ సైజు సరిపోతుందో లేదో, అదీ తెలియదు.