బ్రహ్మం కార్లో మోగేది

నవంబరు 2
ఈ ఆదివారం కూడా వెళ్ళారు. బ్రహ్మం అయిదున్నరకే వచ్చి హారన్ కొట్టాడు. అనసూయ అప్పటికే జడ వేసుకుని, నీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలో ఉంది. నాతో గుడికి రమ్మంటే గంటసేపు తయారయ్యే మనిషి.

బావమరిది కరెంటాఫీసులో రిటైరై సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. వాడి భార్యకి కారెక్కితే వాంతులు. అందుకని అక్కని ఎక్కించుకుని తిరుగుతున్నాడు. మాచర్ల దాకా. సాగర్ దాకా. పనేమీ లేదు. లాంగ్ డ్రైవంట.

ముప్పైయేళ్ళు లారీ తోలాను. కన్ను మందగించి మానేశాను. లోడు లేకుండా బండి తియ్యటం ఏమిటో నాకు అంతుపట్టదు.

నవంబరు 3
వంటింట్లో కూనిరాగం. టుక్ టుక్ టుక్ టుక్... మాటల్లేవు. నన్ను చూసి ఆపింది.

నవంబరు 5
బ్రహ్మం వచ్చాడు. ఉండబట్టలేక అడిగాను — ఏందిరా మీరు వినేది? కార్లో కూర్చోబెట్టి పెట్టాడు.

కీబోర్డు. పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రా వాళ్ళు కొత్తగా కీబోర్డు తెచ్చిన రోజుల్లో ఇలాగే మోగేది, స్టీలు బిందె మీద ఎండ పడ్డట్టు. కింద డ్రమ్ము. పెరగదు, తగ్గదు. ఎవరూ పాడరు.

"నలభయ్యేళ్ళ నాటిదా?"

"కాదు బావా. ఈమధ్య చేసిందే. ఎవరో కుర్రాళ్ళు కంప్యూటర్లో చేశారు. కావాలనే పాత మోత పెట్టారు."

"పాతది కావాలంటే పాతదే వినొచ్చుగా."

వాడు నవ్వాడు. అనసూయ వెనక నిలబడి ఉంది. "పాత పాటలు పెడితే అమ్మ గుర్తొచ్చిద్ది, పోయిన చిన్నక్క గుర్తొచ్చిద్ది. ఏడుపొచ్చిద్ది. దీంట్లో ఎవరూ లేరయ్యా. చానా హాయిగా ఉంటది."

ఎవరూ లేరు. అంటే నేనూ లేను.

నవంబరు 6
నిజం రాసుకోవాలి. బాగుంది అది.

తోలేవాడికి అలాంటిదే కావాలి. మాటలున్న పాటైతే మనసు మాటల వెంట పోతుంది. ఇది కాలిని ఒకేచోట ఉంచుతుంది, కళ్ళని రోడ్డు మీద ఉంచుతుంది. నా రోజుల్లో ఉండి ఉంటే...

వాడికి మాత్రం చెప్పను.

నవంబరు 8
గురజాల వెళ్ళాను. సెల్ షాపులో అడగటానికి పావుగంట తచ్చాడాను.

"మాటల్లేకుండా... అలా పోతూ ఉంటుంది చూడు..."

"డీజేనా తాతా?"

"కాదు. నెమ్మదిది. పాత కీబోర్డు."

పక్కన రీచార్జికి వచ్చినవాళ్ళు నవ్వారు. అయినా ఫోన్లో ఎక్కించుకునే వచ్చాను. అనసూయ కందిపప్పు ఏరుతుంటే పక్కన పెట్టాను. ఇదేగా?

"ఇదే. కానీ ఇది ఇంట్లో కూర్చుని వినేది కాదయ్యా. బండి కదలాలి."

నవంబరు 10
కదలాలంది కదా. మోపెడ్ తీశాను. మిరప చేను చూసొద్దాం రా అన్నాను. ఫోను చొక్కా జేబులో, సౌండు మొత్తం పెంచి. రెండు పక్కలా పత్తి విచ్చుకుని ఉంది.

"వినపడుతుందా?"

"ఆఁ?"

"వినపడుతుందా!"

"గాలే వినపడతంది!"

ఎదురుగా ట్రాక్టరు. పైన పత్తి తీసే ఆడవాళ్ళు. "ఏంది బాబాయ్, పిన్నిని ఎక్కించుకుని బ్యాండు మేళంతో పోతన్నావు!" అందరూ ఒకటే నవ్వు. సిగ్గేసి జేబు నొక్కి పట్టుకున్నాను. ఒంటిచేత్తో తోలుతుంటే స్పీడు బ్రేకరు. ఇద్దరం ఎగిరిపడ్డాం. పడిపోలేదు.

నేను నడిచొస్తాలే, అని దిగింది. నవ్వుతూనే అంది. అయినా నడిచింది. నేను బండి తోసుకుంటూ వెనక.

నవంబరు 13
బ్రహ్మం పెద్ద ప్లాను తెచ్చాడు. బళ్ళారి, హుబ్లీ మీదుగా కార్వార్. "మన సముద్రంలో పొద్దు పొడిచిద్ది అక్కా. అక్కడ సముద్రంలోనే మునిగిద్ది. చూపిస్తా."

నోరు జారి "నేను చూశాలే" అన్నాను. మిర్చి లోడుతో హుబ్లీ ఎన్నిసార్లు పోలేదు. ఒక్కసారి అక్కణ్ణించి కార్వార్ కూడా.

అనసూయ నా వంక తిరిగింది. "ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్పేదేముంది. మునిగింది. టైర్లు చూసుకుని వెనక్కొచ్చా."

బ్రహ్మం పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. "పెళ్ళయిన కొత్తల్లో నన్నూ లారీలో తీసుకెళ్ళమని అడిగా. ఓనరు ఒప్పుకోడన్నాడు మీ బావ" అంది, తమ్ముడితో. నాతో కాదు.

ఓనరుని నేను అడగనే లేదు. తోటి డ్రైవర్లు ఎగతాళి చేస్తారని... అంతే. ఆ మాటకి నలభై మూడేళ్ళు.

నవంబరు 14
"నువ్వూ రా బావా" అన్నాడు, కారు అద్దం తుడుస్తూ. నా వంక చూడలేదు.

గేదెని ఎవరు చూస్తారు అన్నాను. అనసూయ కూడా ఓ మాట అడుగుతుందనుకున్నా. చీరలు మడత పెట్టుకుంటూ ఉండిపోయింది.

నవంబరు 16
వెళ్ళారు.

నవంబరు 17
ఈపాటికి బళ్ళారి దాటుంటారు. ఆ రోడ్డు మీద ఎక్కడ టీ బాగుంటుందో, ఎక్కడ మలుపు మోసం చేస్తుందో నాకు తెలుసు. వాడికేం తెలుసు? ఇంటింటికీ కరెంటు మీటర్లు చూసి రాసుకున్నవాడు. వాడి పక్కన కూర్చుని, వాడు పెట్టింది వింటూ, అద్దంలోంచి నేను చూసిన దేశమంతా చూస్తూ ఉంటుంది. నేను చూసినప్పుడు ఆమె లేదు. ఆమె చూస్తున్నప్పుడు నేను లేను.

మధ్యాహ్నం అన్నం వండుకోలేదు. మజ్జిగ తాగాను.

నవంబరు 18
పొద్దున్నే ఫోను. హుబ్లీ ఊళ్ళోకి వస్తున్నాం అంది. గేదె పాలిస్తందా? ఇస్తంది. తిన్నావా? తిన్నా.



"ఏమయ్యా... ఇక్కణ్ణించి ఘాట్ రోడ్డంట. తమ్ముడు జంకుతున్నాడు. నువ్వు పక్కన కూర్చుని చెబితే చాలంటున్నాడు. రాత్రికి రైలెక్కు. రేపంతా ఇక్కడే ఉంటాం."

"రాకపోతే?"

"రాకపోతే ఏముంది, మెల్లగా మేమే దిగుతాం."

వాడు రమ్మన్నాడా, నువ్వు రమ్మంటున్నావా — అడుగుదామని నోటిదాకా వచ్చింది. చూస్తాలే అన్నాను. పెట్టేసింది.

పక్కింటి సీతమ్మ పాలు పితుకుతానంది. నరసరావుపేటలో రైలెక్కితే పొద్దుటికి హుబ్లీ. గురజాలలో మూడు గంటల బస్సు పట్టుకుంటే చాలు. ఇప్పుడు ఒంటిగంట. సంచీ దింపాను. రెండు చొక్కాలు పెట్టాను. ఒకటి తీశాను. మళ్ళీ పెట్టాను.

రమ్మనయితే రమ్మంది.

కానీ నాతో మాట్లాడినంతసేపూ వెనక అది మోగుతూనే ఉంది. కాస్త తగ్గించరా తమ్ముడూ, అని ఒక్కసారి కూడా అనలేదు.